నలభై గెలల బరువు

పొద్దున్నే తన మినీ లారీ బండి తీసే ముందు బుల్లబ్బాయి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య సందులో చెయ్యి పెట్టి చూసేవాడు. ఇరవై ఆరేళ్ళుగా గోదారి లంకల్లో అరటి గెలలు ఎక్కించుకుని రావులపాలెం యార్డులో దించుతున్న మనిషి. ఆయనకి కాటాతో పని లేదు. ఖాళీ బండికి సందులో ఎనిమిది వేళ్ళు పడతాయి. నలభై గెలలు ఎక్కిస్తే ఆరు, వంద గెలలకి మూడు. అంతకు మించి ఎక్కించమని ఎవరైనా బతిమాలితే, "బండికీ నడుం ఉంటదండీ" అని నవ్వేసి ఊరుకునేవాడు.

తన భార్య చిన్నమ్మాయి సరిగ్గా నలభై గెలల బరువుందని ఆయనకి తెలిసింది కూడా ఆ వేళ్ళతోనే.

చూడ్డానికి మనిషిలో మార్పేమీ లేదు. అదే బక్క ఒళ్ళు, అవే సన్నటి చేతులు. రెండేళ్ళ కిందట కూతురు హారతికి కడుపు పోయిన వారానికి నవారు మంచం పట్టె విరిగింది. తరవాత ప్లాస్టిక్ కుర్చీలు రెండు, పెరట్లో చెక్క బల్ల ఒకటి. ఊళ్ళో వాళ్ళు దీన్ని సుగరు వచ్చినంత మామూలుగా తీసుకున్నారు. పేరంటానికి పిలిచిన వాళ్ళు ఆవిడ కోసం సిమెంటు అరుగు మీద చాప పరిచేవారు. పంట కాలవ బోదె దాటడానికి వేసిన తాటి పట్టె పాతబడితే, "చిన్నమ్మాయి గారు ఇటే వస్తారు, కొత్తది వెయ్యండి" అని ఒకళ్ళకొకళ్ళు గుర్తు చేసుకునేవారు. వానాకాలం ఆవిడ నడిచిన చోటల్లా నాలుగు వేళ్ళ లోతున అడుగులు పడేవి. డాక్టరు గారు కాల్షియం మాత్రలు రాసిచ్చారు.

ఆ బరువు ఎక్కడిదో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. హారతికి ఐదో నెలలో నొప్పి మొదలైనప్పుడు, వర్జ్యం వెళ్ళాక బయల్దేరదామని ఆపింది చిన్నమ్మాయే. పోయిన గంటన్నరనీ రాబట్టుకోవాలని ఆటోని కాలవ గట్టు మీద పరుగులు పెట్టించిందీ ఆవిడే. తూము దగ్గర గుంటలో ఆటో ఎగిరి పడింది. ఆస్పత్రికి చేరేసరికి బిడ్డ దక్కలేదు. హారతి ఆ తరవాత తల్లిని ఒక్క మాట అనలేదు. తప్పు నీదే అనలేదు, కాదనీ అనలేదు. తిట్టినా బాగుండేదని బుల్లబ్బాయి చాలాసార్లు అనుకున్నాడు.

ఈ ఏడు హారతికి మళ్ళీ నెల తప్పింది. రామచంద్రపురంలో అత్తారింటి నుంచి ఆ కబురు ఫోన్లో వచ్చేటప్పటికి చిన్నమ్మాయి బండిలోనే ఉంది. ఇంటికొచ్చి చూస్తే సందులో ఏడు వేళ్ళు పడ్డాయి. బుల్లబ్బాయి సంబరపడి పక్కింట్లో పంచదార పంచాడు. తెల్లారేసరికి మళ్ళీ ఆరే. సంతోషం కలిగితే కాస్త తగ్గడం, భయం ముంచుకొస్తే మళ్ళీ పెరగడం, అదీ దాని వరస.

కూతుర్ని పుట్టింటికి తెచ్చుకున్నాక, ఏడో నెల స్కానింగులో మావి కిందికి ఉందని తేలింది. రాజమండ్రి డాక్టరమ్మ గారు దాచకుండా చెప్పారు. "అమ్మాయిని మంచం దిగనివ్వకండి. ఎనిమిదో నెల నిండగానే తెచ్చి చేర్చండి. తెచ్చేటప్పుడు మాత్రం గట్టి కుదుపు తగలకూడదు. రక్తం మొదలైందంటే తల్లి కూడా దక్కదు."

ఊరి నుంచి మెయిన్ రోడ్డుకి నాలుగు కిలోమీటర్లు కాలవ గట్టే దారి. పోయిన వానలకి తూము ఇంకా కుంగింది. కారు వెళితే దాని అడుగు నేలకి రాసుకుంటుంది. అంబులెన్సు వస్తుంది గానీ అందులో పడుకున్న మనిషి ప్రతి గుంటకీ ఎగిరి పడాల్సిందే. ఆ గట్టుని తట్టుకునే ఎత్తున్నది బుల్లబ్బాయి బండి ఒక్కటే. దాని కమాన్లేమో, అంటే చక్రాల మీద బండిని మోసే ఇనప పట్టీల కట్టలు, గెలలు మోయడానికి పెట్టినవి, రాయిలా ఉంటాయి.

కమాన్లు మార్చాలన్న ఆలోచన అల్లుడు శశిభూషణ్‌ది. రామచంద్రపురం కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ఏడు పట్టీల కమాను తీసేసి నాలుగు పట్టీలది వేస్తే, షాకబ్జర్లు కూడా మారిస్తే, బండి మెత్తబడుతుందని కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. రావులపాలెంలో కమాన్ల షాపు వీరబ్రహ్మం ఆ కాగితం చూసి చేతులు జోడించేశాడు. "నా చేత్తో పట్టీ కలిపానే గాని తీసింది లేదండీ. రేపు మీరు లోడెత్తారనుకోండి, బండి కూలబడుద్ది. మాట నాకొస్తది." ఇంక చేసేది లేక, సామాను ఆన్‌లైన్లో తెప్పించి ఇంటి దగ్గరే బిగించుకోవాలని మామా అల్లుళ్ళు తీర్మానించుకున్నారు.

సామాను వచ్చిన రోజు ఇంట్లో పెద్ద రభసే అయింది. కొరియరు వాడు వీధిలోంచి ఫోన్ చేస్తే శశిభూషణ్ ఎత్తి, "పట్టీలు వచ్చేశాయండీ!" అని ఉత్సాహంగా కేకేశాడు. వంటింట్లో ఉన్న చిన్నమ్మాయి చేతిలో గరిటె కింద పడింది. ఆవిడ అల్లుడి ఎదుట పడదు. ఆ రెండేళ్ళలో అయితే తలుపు చాటు నుంచి కూడా పలకలేదు. అలాంటిది ఒక్కసారిగా గొంతెత్తింది.

"ఏవండీ, బిడ్డ భూమ్మీద పడకుండానే కాళ్ళకి పట్టీలు కొంటారా? బుద్ధుందా మీకు? తిరగ్గొట్టండి. గుమ్మం లోపలికి రానివ్వకండి!"

నలుగురు మనుషులు మోసుకొచ్చి వాకిట్లో దించిన ఇనప పట్టీలని చూశాక గానీ ఆవిడ గుండె కుదుటపడలేదు. మంచం మీద హారతి చాలా రోజుల తరవాత నవ్వింది. బుల్లబ్బాయి కూడా నవ్వబోయి, ఇంకా తలుపు పట్టుకునే నిలబడ్డ భార్యని చూసి ఆగిపోయాడు.

ఆదివారం పొద్దున్న పని మొదలుపెట్టారు. పెరట్లో రేకుల పాక కింద బండి పెట్టి, ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం వేసి, జాకీతో వెనక భాగం లేపి ఛాసిస్ కింద చింత మొద్దులు దోపారు. శశిభూషణ్ లుంగీ ఎగ్గట్టి కిందికి దూరబోతుంటే బుల్లబ్బాయి అడ్డం వెళ్ళాడు.

"మీరు లేవండి అల్లుడు గారూ. అత్తారింట్లో మీచేత పానా పట్టించానని తెలిస్తే మీ నాన్నగారు ఏమనుకుంటారు?"

"మా నాన్నగారు ఏమనుకున్నా నట్లు ఊడవు మావయ్యగారూ. ఆ కిరసనాయిలు ఇలా ఇవ్వండి."

నట్లు నిజంగానే ఊడలేదు. పదేళ్ళ తుప్పు. కిరసనాయిలు పోసి గంట నాననిచ్చి, పానాకి పైపు తగిలించి ఇద్దరూ వేలాడితే ఒక్కొక్కటీ మూలుగుతూ కదిలింది. పాత కమాను కిందికి దిగేటప్పుడు బుల్లబ్బాయి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నంత పని చేశాడు. దానితోనే కూతుర్ని చదివించాడు, పెళ్ళి చేశాడు. కొత్త కమాన్లతో వంద గెలలు ఎత్తడం కుదరదని ఆయనకి తెలుసు. "కానుపయ్యాక మళ్ళీ ఎక్కిద్దాం లెండి" అని, తుడిచి గోడ వార పెట్టాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి కొత్తవి ఎక్కాయి. నడిమి బోల్టు ఇరుసు గుంటలో కూర్చుంది, యు బోల్టులు పడ్డాయి. మొద్దులు తీసి బండిని నేల మీదికి దించారు. అప్పుడు శశిభూషణ్ రాగి చెంబు నిండా అంచు దాకా నీళ్ళు పోయించి వెనక తొట్టిలో పెట్టి, తూము దాకా వెళ్ళి రమ్మన్నాడు. బుల్లబ్బాయి పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినంత జాగ్రత్తగా వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చేసరికి చెంబులో సగం నీళ్ళే ఉన్నాయి.

ఇద్దరూ ఆ చెంబుని చూస్తూ నిలబడ్డారు. కిటికీ లోంచి హారతి కూడా చూస్తోంది.

"ఏ కమానైనా ఖాళీగా ఉంటే ఎగురుతుంది మావయ్యగారూ" అన్నాడు శశిభూషణ్ నీరసంగా. "తగినంత బరువు పడితేనే దాని ఊపు నెమ్మదిస్తుంది. ఈ కమానుకి ఆరొందల కేజీలుంటే గాని లాభం లేదు. ఇసక బస్తాలు వేద్దామా?"

వేసి చూశారు. ప్రతి గుంటకీ బస్తాలు ఒక పక్కకి జరిగి దబ్బుమని పడ్డాయి. పైగా బోల్టుల ఆఖరి బిగింపు బండి బరువు మీద ఉన్నప్పుడే చెయ్యాలి, లేకపోతే కమాను చివర్ల రబ్బరు బుష్‌లు మెలిపడి చిరిగిపోతాయి. ఆ సంగతి కొత్త సామాను కాగితంలో రాసి ఉంది, బుల్లబ్బాయికి ముందే తెలుసు కూడా. చివరికి శశిభూషణ్ నూనె చేతులు తుడుచుకుని, వంటింటి తలుపు వైపు తిరిగి తల వంచుకుని అన్నాడు.

"అత్తయ్యగారూ, మీరోసారి వచ్చి కూర్చుంటారా?"

అల్లుడు కింద పడుకుని ఉండగా అత్తగారు అతని నెత్తి మీద ఎక్కి కూర్చోవడం ఆ ఇంట్లో కనీ వినీ ఎరగని సంగతి. బుల్లబ్బాయి రెండు తాటి పట్టెలు తెచ్చి తొట్టికి ఏటవాలుగా ఆనించి, "రావే" అన్నాడు. చిన్నమ్మాయి తల మీద కొంగు కప్పుకుని, ఎవరి వంకా చూడకుండా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఎక్కింది. పట్టెలు కిర్రుమన్నాయి. ఆవిడ తొట్టి మధ్యలో కూర్చుంది.

కింద మామా అల్లుళ్ళు వెల్లకిలా పడుకుని చూస్తున్నారు. వాళ్ళ ముఖాలకి జానెడు ఎత్తులో, వంపు తిరిగి ఉన్న కమాను మెల్లగా సాగి, సాగి, దాదాపు తిన్నగా అయింది. ఒక ఆడమనిషి రెండేళ్ళుగా మోస్తున్నదంతా అక్కడ కనపడింది. బుల్లబ్బాయికి అలవాటైన సంగతే. శశిభూషణ్ మటుకు పానా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ అతను తన బాధ తనదే అనుకున్నాడు. అత్తగారి వల్లే బిడ్డ పోయిందని ఎవరితోనూ అనకపోయినా లోపల అనుకుంటూనే ఉన్నాడు. అతని కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

బిగింపు అయ్యాక, కిందనుంచే, "బిగించానండీ అత్తయ్యగారూ" అన్నాడు. పైనుంచి, "జాగర్త బాబూ, తలకి తగుల్తాయి" అని వినపడింది.

ఈసారి చెంబుతో పాటు చిన్నమ్మాయి కూడా వెళ్ళింది. ఒక్క చుక్క ఒలకలేదు.

ఎనిమిదో నెల నిండిన మర్నాడు బయల్దేరారు. తొట్టిలో రెండు పరుపులు పరిచి, పైన టార్పాలిన్ కట్టారు. హారతిని నవారు మంచంతో సహా ఎత్తి ఎక్కించి పడుకోబెట్టారు. తల దగ్గర చిన్నమ్మాయి, కాళ్ళ దగ్గర శశిభూషణ్ కూర్చున్నారు. వర్జ్యం ఎప్పుడని ఎవరూ అడగలేదు. వంటింటి గోడ మీద క్యాలెండరు ఉండే చోట మేకు మాత్రం ఉంది.

గట్టు మీద బండి నీళ్ళ మీద వెళ్ళినట్టు వెళ్ళింది. కేబిన్ వెనక చిన్న కిటికీకి అద్దం లేదు, వెనక మాటలన్నీ బుల్లబ్బాయికి వినపడుతూనే ఉన్నాయి. తూము దగ్గరికొచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. బండి గుంటలోకి దిగి, లేచి, సర్దుకుంది. "అయిపోయిందా?" అంది హారతి. "అయిపోయింది" అన్నాడు శశిభూషణ్. బుల్లబ్బాయి గేరు మార్చాడు.

రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కారు. గట్టు కంటే కష్టమైనది అదేనని ఆయనకి ఒక్కడికే తెలుసు. వంతెనకి పొడుగునా అతుకులు. ఒక్కొక్క అతుకు దగ్గరా బండి ఠక్కుమంటుంది. ఖాళీ బండి అయితే ప్రతి అతుకూ నడుం మీద సుత్తితో కొట్టినట్టే. నెమ్మదిగా పోనిచ్చాడు. మొదటి పది అతుకులూ తెలియనే లేదు.

టార్పాలిన్ పక్కనుంచి హారతికి గోదారి కనపడుతోంది. ఎండలో ఇసక తిన్నెలు, వాటి మధ్య సన్నటి పాయలు. భయం గడిచిపోయిందనుకుందో, తల్లి ఒళ్ళో తల ఉన్నందుకో, ఆ పిల్ల మనసు కరిగింది.

"అమ్మా! ఆ రోజు గురించి నీకో మాట చెప్పాలే."

చిన్నమ్మాయి కూతురి నుదుటి మీద జుట్టు సర్దింది.

"ఎప్పుడో చెప్పాల్సింది. నాకే నోరు రాలేదు. నిన్ను నేను..."

బండి ఠక్కుమంది. తరవాతి అతుకు దగ్గర ఇంకా గట్టిగా కొట్టింది. సీటు కింద తేడా బుల్లబ్బాయికి వెంటనే తెలిసిపోయింది. పాత కమాను లెక్కలో ఆరు వేళ్ళు కాస్తా ఏడవుతున్నాయి. ఏడు దాటుతున్నాయి. మూడో అతుక్కి హారతి, "అమ్మా!" అని పొట్ట పట్టుకుంది.

"ఆపకండి, మెల్లగా పోనివ్వండి!" అని అరిచింది చిన్నమ్మాయి. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి, వంతెన మీద ఆపడానికి చోటు కూడా లేదు. ఆవిడ కూతురి నోటి మీద చెయ్యి పెట్టింది. "ఇప్పుడొద్దే తల్లీ. ఆ మాట ఇప్పుడనకు. నువ్వేం అనబోతున్నావో నాకు తెలిసింది. తెలిసినందుకే ఇంత పని అయింది. ఆస్పత్రికి చేరాక అను. అందాకా నన్నిలాగే ఉండనీ."

"అమ్మా, అది కాదే..."

"మాట్లాడకు." ఆవిడ కళ్ళు మూసుకుంది. తరవాత మొదలుపెట్టింది. పేరంటంలో పాట అందుకున్నట్టు కాదు, పోలీసులకి చెప్పినట్టు, ఒక్కొక్క మాటే. "ఆ రోజు గురువారం. పదిన్నరకి నొప్పన్నావు. నేను చేతులు కడుక్కుని క్యాలెండరు చూశాను. వర్జ్యం పన్నెండింటి దాకా ఉంది. గంటన్నర ఓర్చుకోలేవా అన్నాను. ఓర్చుకుంటానన్నావు. మంచం కోడు పట్టుకుని ఓర్చుకున్నావు. నేను వంటింట్లోకెళ్ళి చారు కాచాను. నువ్వు మూలుగుతుంటే నాకు వినపడింది. వినపడింది హారతీ. అయినా చారు దించాకే వచ్చాను."

బండి ఒక్కొక్క వేలే కిందికి దిగుతోంది. అతుకు మీద చక్రం పడ్డ చప్పుడు మెత్తబడింది.

"ఆటో ఎక్కాక నీ చీర తడిసింది. నేను చూసి, చూడనట్టు ఊరుకున్నాను. పోనియ్యవయ్యా, తొందరగా పోనియ్యి అన్నాను. తూము దగ్గర మెల్లగా పోనిమ్మని నువ్వన్నావు. నేను వద్దన్నాను."

హారతి ఏడుస్తోంది. శశిభూషణ్ ఆమె కాళ్ళు రెండూ పట్టుకుని కూర్చున్నాడు. బుల్లబ్బాయికి రోడ్డు మసకబారింది, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. రెండేళ్ళుగా మర్చిపో, మర్చిపో అని తను పోరిన ఆడమనిషి, ఏదీ మర్చిపోకుండా దాచుకున్నదంతా తీసి తన మీద తనే ఎత్తుకుంటోంది. వంతెన అవతల జొన్నాడ వచ్చేసరికి ఆరు వేళ్ళు కాదు, ఐదున్నర అయి ఉంటాయి. వేమగిరి దాటి రాజమండ్రి దాకా ఒక్క కుదుపు తగల్లేదు. ఆవిడ ఆ రోజునే మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ మళ్ళీ చెబుతూనే ఉంది.

ఆస్పత్రిలో హారతిని స్ట్రెచరు మీద మూడో అంతస్తుకి తీసుకెళ్ళిపోయారు. రక్తం లేదు, బిడ్డ గుండె బాగుంది అన్నారు. వెనకాలే వెళదామని చిన్నమ్మాయి లిఫ్టులో ఒక కాలు పెట్టేసరికి అది కీచుమని మొత్తుకుంది. ఆవిడ కాలు వెనక్కి తీసేసుకుంది. మూడంతస్తుల మెట్లు ఎక్కడం ఆ బరువుతో అయ్యే పని కాదు. కింద మందుల షాపు పక్కన నాపరాతి అరుగు మీద కూర్చుంది. తిండీ నిద్రా అక్కడే.

నాలుగో రోజు పొద్దున ఆపరేషన్ చేశారు. శశిభూషణ్ మూడంతస్తులూ మెట్ల మీద దిగొచ్చి, రొప్పుతూ, "ఆడపిల్లండీ. ఇద్దరూ క్షేమం అత్తయ్యగారూ" అన్నాడు. చిన్నమ్మాయి చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆ మాటతో బరువు దిగిపోతుందని బుల్లబ్బాయి ఆశపడ్డాడు. లేవబోయి ఆవిడ మళ్ళీ చతికిలబడింది. అది ఈ బిడ్డ బరువు కాదు.

"నువ్వు చూడొద్దా మరి?" అన్నాడాయన.

"ఇంటికెళ్ళేటప్పుడు చూస్తాలెండి. మీరు వెళ్ళి చూసి రండి."

మర్నాడు తొమ్మిదింటికి ఫోను మోగింది. చిన్నమ్మాయి ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది. అవతల హారతి గొంతు నీరసంగా ఉంది గానీ తేటగా వినపడింది.

"అమ్మా, చేరిపోయాం కదా. ఇప్పుడు అనొచ్చా?"

చిన్నమ్మాయి స్పీకరు తీసేసి ఫోను చెవికి ఆనించుకుంది. హారతి ఏమందో బుల్లబ్బాయికి వినపడలేదు. ఎంతసేపు మాట్లాడిందో కూడా తెలీదు. ఆయన మందుల షాపు ముందు నిలబడి, అక్కర్లేకపోయినా లోపలి సీసాల పేర్లు చదువుతున్నాడు. భార్య ఏడుపు వినపడింది. అది చిన్నపిల్లల ఏడుపులా, ఆపుకోకుండా, గట్టిగా ఉంది. పక్కన మందులు కొనుక్కుంటున్న వాళ్ళు ఒకసారి చూసి, ఆస్పత్రి కదా అని ముఖాలు తిప్పుకున్నారు.

ఆవిడ ఫోను కొంగున చుట్టుకుని లేచింది. చెయ్యి దేని మీదా ఆనించలేదు. లిఫ్టు దగ్గరికి నడిచింది. లోపల అప్పటికే ఆరుగురున్నారు. చిన్నమ్మాయి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మొగుడి వంక చూసింది.

లోపల ఫ్లాస్కు పట్టుకున్న పెద్దావిడ ఒకరు కొంచెం పక్కకి జరిగారు. "చోటుందమ్మా, ఎక్కండి" అన్నారు.

చిన్నమ్మాయి ఎక్కింది. తలుపు మూసుకుంది.